ఏ.సి. పెట్టించాం, ఆయాసం తగ్గలేదేం?

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందని మన పెద్దలంటారు. అది వెళ్ళిన వారం పది రోజులకు మా ఓ.పి.లో ఒక రకం రోగులు ఎక్కువవుతారు. తెల్లవారుజామున లేస్తూనే వరసగా పది పదిహేను తుమ్ములు, ముక్కు దిబ్బడ, కళ్ళ దురద, కొందరికి ఛాతీలో పిల్లికూతలు. "చన్నీళ్ళు తాగలేదు, ఐస్‌క్రీం తినలేదు, అయినా ఇలా ఎందుకు వచ్చింది డాక్టరు గారూ?" అని అడుగుతారు. "రాత్రి ఏ.సి. గాని, కూలర్ గాని కొత్తగా వేశారా?" అని నేను అడుగుతాను. "అవునండి, నిన్ననే మొదలుపెట్టాం" అని ఆశ్చర్యంగా చూస్తారు. నేను చూసి చెప్పిందేమీ లేదు. నాలుగైదు నెలలు మూతపడి ఉన్న యంత్రాన్ని తుడవకుండా, కడగకుండా మీట నొక్కితే, అన్నాళ్ళూ దానిలో పేరుకున్నదంతా గదిలోకి వస్తుంది. అంతే.

ఇది తుమ్ములతో పోయే ముచ్చటైతే ఇంత రాయవలసిన పని లేదు. కొన్నాళ్ళ కిందట ఒక అర్ధరాత్రి ఎనిమిదేళ్ళ కుర్రవాణ్ణి తల్లిదండ్రులు ఎత్తుకొని పరుగున తీసుకువచ్చారు. పెదవులు నీలంగా మారాయి. మాట రావడం లేదు. మెడ కండరాలు ఎగదన్నుతున్నాయి. ప్రాణవాయువు పెట్టి, నెబ్యులైజర్‌తో మందిచ్చి, తెల్లవారేదాకా దగ్గర కూర్చుంటే గాని గండం గడవలేదు. వాడికి మూడేళ్ళుగా ఉబ్బసం. రోజూ పీల్చే మందు వాడుతూ బాగానే ఉండేవాడు. మరేం జరిగింది?

తల్లి కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. "ఏ.సి. ఉంటే గాలి శుభ్రంగా ఉంటుంది, ఎలర్జీ రాదు అని అందరూ అన్నారండి. వాయిదాల మీద కొన్నాం. ఇక గాలి బాగుంటుంది కదా అని పంపు మానేశాం." తండ్రి తల దించుకున్నాడు. వాళ్ళని తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. బిడ్డ కోసం స్థోమతకు మించి ఖర్చు పెట్టినవాళ్ళు వాళ్ళు. వాళ్ళకు ఎవరూ చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. అవి మీకు చెప్పడానికే ఈ వ్యాసం.

ఏ.సి. చేసే పనేమిటి?

ఎయిర్ కండిషనర్ పుట్టింది మనుషుల సుఖం కోసం కాదు. 1902లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో ఒక అచ్చాపీసులో గాలిలో తేమ వల్ల కాగితం సాగుతూ, ముడుచుకుంటూ రంగులు కుదిరేవి కావు. ఆ తేమను అదుపు చేయడానికి విల్లిస్ కారియర్ అనే యువ ఇంజనీరు ఒక యంత్రాన్ని రూపొందించాడు. చల్లని గొట్టాల మీదుగా గాలిని పంపితే అందులోని తేమ నీరై కారిపోతుంది. మీ ఇంటి ఏ.సి. వెనక గొట్టంలోంచి బొట్టుబొట్టుగా పడే నీరు అదే. ఉబ్బసం రోగికి ఏ.సి. వల్ల కలిగే అసలు మేలు ఈ తేమ తగ్గడమే. చల్లదనం రెండోది.

మూడో మేలు, కిటికీలు మూసి ఉంచడం వల్ల వీధి దుమ్ము, పుప్పొడి లోపలికి రాకపోవడం. కాని చాలామంది అనుకుంటున్నట్టు మామూలు స్ప్లిట్ ఏ.సి. బయటినుంచి కొత్త గాలిని తెచ్చి శుభ్రం చేసి ఇవ్వదు. గదిలో ఉన్న గాలినే పీల్చి, చల్లబరచి, మళ్ళీ గదిలోకే వదులుతుంది. దాని ముందు ఉండే జాలీ వెంట్రుకలను, దూది పోగులను, పెద్ద దుమ్మును ఆపుతుంది. కంటికి కనిపించని సన్నని ధూళిని ఆపలేదు. అంటే, గది శుభ్రంగా ఉంటే శుభ్రమైన గాలినే తిప్పుతుంది. గదిలో ఎలర్జీ సామగ్రి ఉంటే దాన్నే రాత్రంతా తిప్పి తిప్పి మీ ముక్కుకు అందిస్తుంది.

దుమ్ము కాదు, దుమ్ములోని పురుగు

"మా ఇంట్లో దుమ్మే ఉండదండి" అంటారు గృహిణులు. నిజమే కావచ్చు. కాని ఇంటి దుమ్ములో ఎలర్జీ కలిగించేది మట్టి కాదని, కంటికి ఆనని ఒక చిన్న పురుగు అని 1964లో హాలెండు శాస్త్రజ్ఞులు చూపించారు. దీన్ని డస్ట్ మైట్ అంటారు. మిల్లీమీటరులో మూడోవంతు కూడా ఉండదు. మన ఒంటినుంచి రాలే చర్మపు పొట్టు దీని ఆహారం. పరుపు, దిండు, బొంత, సోఫా, పిల్లల బొచ్చు బొమ్మలు దీని నివాసం. ఇది కుట్టదు, కరవదు. దీని మలం ఎండి పొడి అయి మన ముక్కులోకి వెళ్ళడమే చిక్కు.

ఈ పురుగు నీళ్ళు తాగదు. గాలిలోని తేమనే ఒంటితో పీల్చుకొని బతుకుతుంది. గాలిలో తేమ 70, 80 శాతం ఉంటే పిల్లాపాపలతో వర్ధిల్లుతుంది. 50 శాతానికి తగ్గించి కొన్ని వారాలు అలాగే ఉంచగలిగితే ఎండి చస్తుంది. విశాఖ, కాకినాడ, నెల్లూరు వంటి సముద్రతీరపు ఊళ్ళలో దీని బెడద ఎందుకు ఎక్కువో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

ఇంకొక సంగతి కూడా గమనించండి. ఈ ధూళి రేణువులు కాస్త బరువైనవి. పక్క దులిపినప్పుడు పైకి లేచి, అరగంటలోపు మళ్ళీ కిందికి దిగిపోతాయి. రోజంతా గాలిలో తేలుతూ ఉండవు. అందుకే గాలిని ఎంత వడగట్టినా వీటి బాధ పూర్తిగా పోదు. అవి ఉండేది గాలిలో కాదు, మీ తల కింద దిండులో.

పురుగు తరవాత చెప్పుకోవలసింది బూజు. పచ్చడి మీద, తడి గోడ మీద పట్టేదే. దీని విత్తనాలు చాలా తేలిక, గాలిలో ఎగురుతాయి. మూడోది బొద్దింక. అమెరికా నగరాల పేద పేటల్లో జరిపిన ఒక పరిశీలన 1997లో వెలువడింది. బొద్దింక ఎలర్జీ ఉండి, పడకగదిలో బొద్దింక ధూళి కూడా ఎక్కువగా ఉన్న పిల్లలు, మిగతా పిల్లలకంటే మూడు రెట్లు పైగా ఆసుపత్రి పాలయ్యారని అందులో తేలింది. నాలుగోది పిల్లి, కుక్క. ముఖ్యంగా పిల్లి ఎలర్జీ రేణువులు చాలా సన్ననివి, గంటల తరబడి గాలిలో తేలుతాయి.

యంత్రం ఎలా చెడుతుంది?

ఏ.సి. లోపల చల్లని గొట్టాల మీద ఎప్పుడూ తడి ఉంటుంది. ఆ తడి మీద దుమ్ము అంటుకుంటుంది. పైగా చీకటి. బూజుకు ఇంతకంటే అనువైన చోటేముంటుంది? మీట నొక్కగానే ముక్కిన వాసన వస్తున్నదంటే, గాలి తిప్పే చక్రం రెక్కల మీద నల్లని చుక్కలు కనిపిస్తున్నాయంటే, లోపల బూజు పట్టిందని అర్థం. వాసనకు సెంటు సీసా కొట్టడం వైద్యం కాదు. ఆ సెంటే కొందరికి ఆయాసం తెస్తుంది.

చేయవలసింది ఇది. ఏ.సి. వాడుతున్నన్నాళ్ళూ రెండు వారాలకొకసారి జాలీ తీసి కుళాయి కింద కడగాలి. ముందు మెయిన్ స్విచ్ ఆపడం మరవకండి. కడిగిన జాలీని నీడలో పూర్తిగా ఆరనిచ్చి పెట్టండి. ఈ పని ఉబ్బసం ఉన్న మనిషి చేయకూడదు. తప్పకపోతే ముక్కుకూ నోటికీ మాస్కు కట్టుకొని, వరండాలో చేయాలి. ఇక లోపలి గొట్టాలు, గాలి చక్రం, నీరు పడే తొట్టె మెకానిక్ చేత నీటితో కడిగించాలి. ఏడాదికొకసారి వేసవికి ముందు తప్పనిసరి. కోస్తా ఊళ్ళలో రెండుసార్లు చేయిస్తే మంచిది. కడిగే సమయంలోనూ, ఆ తరవాత మొదటిసారి వేసినప్పుడూ రోగి ఆ గదిలో ఉండకూడదు.

రోజూ వేయగానే మొదటి పది నిమిషాలు కిటికీలు తెరిచి ఉంచండి. ఆపే ముందు పావుగంట ఫ్యాన్ మాత్రమే తిరిగేలా ఉంచితే లోపలి తడి ఆరుతుంది. నీళ్ళు పోయే గొట్టం మూసుకుపోయి గోడ నానుతుంటే ఆ వారమే బాగు చేయించండి. నానిన గోడ బూజుకు పుట్టిల్లు.

ఎంత చల్లగా పెట్టాలి అని అడుగుతారు. 2020 జనవరి 1 నుంచి మన దేశంలో గది ఏ.సి.లు 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేటట్టు నిబంధన పెట్టారు. ఉబ్బసం వాళ్ళకు కూడా 24 నుంచి 26 డిగ్రీలు చాలు. 18 పెట్టుకొని దుప్పటి ముసుగు వేయడంలో అర్థం లేదు. చల్లని గాలి నేరుగా మొహానికి తగిలితే శ్వాసనాళాలు ముడుచుకుంటాయి. వానాకాలంలో చలువ అక్కరలేకపోయినా తేమ లాగడానికి 'డ్రై' అనే మీట ఉంటుంది. దాన్ని వాడండి. గదిలో తేమ ఎంతో చూపే చిన్న హైగ్రోమీటర్లు కొద్ది ధరకే దొరుకుతున్నాయి. ముల్లు 50 దాటకుండా చూసుకోండి.

కూలర్ సంగతి

కూలర్ ధర్మం ఏ.సి.కి పూర్తిగా వ్యతిరేకం. ఏ.సి. తేమను లాగేస్తుంది, కూలర్ తేమను గాలికి చేరుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో గాలి పొడిగా ఉండే కర్నూలు, అనంతపురం, హైదరాబాదు వంటి చోట్ల, కిటికీ తెరిచి వాడుకుంటే అది పేదవాడి పాలిట చల్లని తల్లి. గాలిలో ఇప్పటికే తేమ నిండి ఉన్న విజయవాడలోనో, మచిలీపట్నంలోనో కిటికీలు బిగించి వేసుకుంటే చల్లదనం రాదు సరికదా, పరుపులు చెమ్మగిల్లుతాయి. పురుగుకు, బూజుకు పండగ.

2012 నుంచి 2015 వరకు మన దేశంలోని 19 నగరాల్లో, 27 వైద్య కేంద్రాల్లో, ఊపిరితిత్తుల కణజాలం దెబ్బతిన్న 1084 మంది రోగులను పరిశీలించారు. వారిలో దాదాపు సగం మందికి ఉన్నది, పీల్చిన ధూళి పడక ఊపిరితిత్తులు వాచే జబ్బు. ఆ సగంలో మళ్ళీ దాదాపు సగం మంది కూలర్ గాలి పీల్చేవారు. కూలర్ ఉన్న ప్రతి ఇంటికీ ఈ జబ్బు వస్తుందని భయపడకండి. కాని పాచి పట్టిన తొట్టె, కుళ్ళిన గడ్డి నిర్లక్ష్యం చేయదగ్గవి కావని మాత్రం గ్రహించండి. వారాల తరబడి పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం, బరువు తగ్గడం దీని లక్షణాలు. క్షయ అని పొరబడటం కూడా కద్దు. డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు ఇంట్లో కూలర్ ఉన్నదన్న సంగతి మీరే చెప్పండి.

తొట్టె నీళ్ళు వారానికొకసారి పూర్తిగా పారబోసి, రుద్ది కడిగి, ఎండబెట్టి నింపాలి. దీనివల్ల డెంగీ దోమ కూడా పుట్టదు, ఒక దెబ్బకు రెండు పిట్టలు. గడ్డిని ఏటా మార్చాలి. వేసవి అయ్యాక తడి గడ్డితోనే అటక ఎక్కించవద్దు.

పిట్టలంటే గుర్తుకొచ్చింది. అపార్టుమెంట్లలో ఏ.సి. బయటి యూనిట్ మీద పావురాలు గూళ్ళు కడుతున్నాయి. ఎండిన పావురాల రెట్ట పీల్చినా పైన చెప్పిన ఊపిరితిత్తుల జబ్బే వస్తుంది. అవి గూడు కట్టకముందే వల బిగించండి. రెట్టను పొడిగా ఊడ్చకండి. మాస్కు కట్టుకొని, నీళ్ళు చల్లి తడిపి, అప్పుడు తీయండి.

మూసిన గదిలో పొగ

ఇక్కడే చాలా ఇళ్ళలో పెద్ద పొరపాటు జరుగుతున్నది. తలుపులు బిగించి, ఏ.సి. వేసి, మంచం కింద దోమల చుట్ట వెలిగిస్తారు. ఒక చుట్ట కాలితే వెలువడే సన్నని పొగ రేణువులు 75 నుంచి 137 సిగరెట్ల పొగతో సమానమని 2003లో ప్రచురించిన ఒక పరిశోధన తెలిపింది. ఆ పొగ పోయే దారి లేదు, ఏ.సి. దాన్ని బయటకు పంపదు. దోమతెర కట్టుకోండి. అగరుబత్తి దేవుడి గదిలోనే ఉండనివ్వండి. దేవుడేమీ అనుకోడు. సిగరెట్టు సంగతి వేరే చెప్పాలా? పగలు ఒకటి రెండుసార్లు కిటికీలు తెరిచి పాత గాలిని పోనివ్వండి.

పక్క బట్టలే ప్రధానం

రాత్రి ఏడెనిమిది గంటలు మన ముక్కు ఆనుకొని ఉండేది దిండుకే. దుప్పట్లు, గలీబులు వారానికొకసారి చెయ్యి పెట్టలేనంత వేడినీళ్ళలో, అంటే 60 డిగ్రీల వేడిలో నానబెట్టి ఉతకండి. చన్నీళ్ళకు పురుగు చావదు. దగ్గర నేత గుడ్డతో కుట్టి, జిప్పు పెట్టిన తొడుగులు పరుపుకూ దిండుకూ వేయండి. ఉతకలేని బొమ్మలను ప్లాస్టిక్ సంచిలో కట్టి, ఒక పగలు ఒక రాత్రి ఫ్రిజ్ ఐసు గదిలో ఉంచి, తరవాత దులపండి. మన అమ్మమ్మలు మే నెల ఎండలో పరుపులు ఆరవేసి కర్రతో కొట్టించేవారు. అది మంచి పద్ధతి. అయితే కొట్టేటప్పుడు ఉబ్బసం పిల్లలు దగ్గర ఉండకూడదు. సంక్రాంతికి ఇల్లు దులిపే రోజున కూడా అంతే. పొడి చీపురుకంటే తడి గుడ్డ మేలు. ఫ్యాను రెక్కలు వారానికొకసారి తడి గుడ్డతో తుడవండి. బొద్దింకలకు రాత్రిపూట ఎంగిలి గిన్నెలు, మూతలేని చెత్తబుట్ట దొరకనివ్వకండి. వాటికి గదంతా మందు పిచికారీ చేయడంకంటే మూలల్లో పెట్టే జెల్ మందు ఆయాసం ఉన్నవాళ్ళకు మంచిది.

"వీటిలో ఏదో ఒకటి చెప్పండి, చేస్తాం" అంటారు కొందరు. ఏ ఒక్కటీ చాలదు. అమెరికాలో ఏడు నగరాల్లో ఉబ్బసం ఉన్న 937 మంది పిల్లలను పరిశీలించి 2004లో ఫలితాలు ప్రకటించారు. ఏ పిల్లవాడికి ఏది పడదో చూసి, పరుపు తొడుగులు, గాలి వడపోత, బొద్దింకల నిర్మూలన, పొగ మాన్పించడం అన్నీ కలిపి చేసిన ఇళ్ళలో, పిల్లలకు మొదటి ఏడు ఆయాసపు రోజులు 21 తగ్గాయి. ఏ.సి. కొనే స్థోమత లేనివారు నిరాశ పడవద్దు. ఈ జాబితాలో సగం పనులకు వేడినీళ్ళు, ఎండ, తడి గుడ్డ చాలు.

చలి దేశాలకు వెళ్ళేవారికి

కూతురి పురుడుకని, మనవలను చూడాలని అమెరికా వెళ్ళే పెద్దలు ఈమధ్య చాలామంది ఉన్నారు. అక్కడ చాలా ఇళ్ళలో వేడికీ చలువకీ ఒకటే ఏర్పాటు. గొట్టాల ద్వారా గాలి ఇల్లంతా తిరుగుతుంది. దానికి ఒక వడపోత అట్ట ఉంటుంది. ఒకటి నుంచి మూడు నెలల్లో దాన్ని మార్చాలి. యంత్రం తట్టుకోగలిగితే ఇంకా సన్నగా వడగట్టే అట్ట వేయించవచ్చు. శీతకాలం తొలిసారి హీటర్ వేసిన రోజు గొట్టాల్లోని దుమ్ము ఇల్లంతా వస్తుంది. గాలి మరీ పొడిగా ఉందని తేమ యంత్రం పెడితే దాన్ని రోజూ కడగాలి, తేమ 50 శాతం దాటనివ్వకూడదు. గదుల నిండా తివాచీ ఉంటే పురుగూ ఉంటుంది. ఇక మన అరకు, లంబసింగి వైపు చలికి గది మూసి బొగ్గుల కుంపటి పెట్టుకోవద్దు. దాని పొగ ఆయాసం తేవడమే కాదు, అందులో వాసన లేని విషవాయువు ఉంటుంది. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

మందు మానకండి

చివరిదే అయినా అన్నిటికంటే ముఖ్యమైన మాట. ఇల్లు శుభ్రం చేసినా, ఏ.సి. పెట్టినా, మృగశిర కార్తె నాడు చేప మందు వేయించుకొచ్చినా, డాక్టరు చెప్పకుండా రోజూ పీల్చే మందు మానకండి. పంపు అలవాటైపోతుందన్నది అపోహ. అందులో ఉండే మందు గ్రాములో పదిలక్షలో వంతు లెక్కన కొలిచేటంత స్వల్పం, నేరుగా శ్వాసనాళాలకే వెళ్ళి వాపును తగ్గిస్తుంది. ఇల్లు శుభ్రమైతే ఆయాసం తగ్గుతుంది. తగ్గితే మోతాదు ఎంత తగ్గించాలో డాక్టరే చెబుతాడు. మాట తడబడుతున్నా, పెదవులు నీలమవుతున్నా, పక్కటెముకలు ఎగదన్నుతున్నా వెంటనే ఆసుపత్రికి బయలుదేరండి. దారిలో కూడా ఆయాసం వచ్చినప్పుడు పీల్చే మందు ఇస్తూనే ఉండండి.

మొదట చెప్పిన కుర్రవాడి ఇంట్లో ఏ.సి. ఇప్పటికీ ఉంది. జాలీ కడిగే రోజును తల్లి క్యాలెండరులో గీత పెట్టుకుంటుంది. దోమల చుట్ట పోయి దోమతెర వచ్చింది. పాత దిండ్లు పోయాయి. పంపు మళ్ళీ మొదలైంది. వాడికి ఉబ్బసం పోలేదు, కాని ఆ రాత్రి తరవాత మళ్ళీ ఆసుపత్రిలో పడుకోవలసిన అవసరం రాలేదు. కిందటిసారి వచ్చినప్పుడు, "డాక్టరు గారూ, బళ్ళో పరుగు పందెంలో ఉన్నాను" అన్నాడు. ఎన్నో స్థానం వచ్చిందని నేను అడగలేదు. పరుగెత్తాడు కదా, అది చాలు.

ఈ ఆదివారం మీ ఏ.సి. జాలీ ఒకసారి తీసి చూడండి.